విమానంలో ఎన్ని గంటలు? రెండు ఊళ్ళ మధ్య దూరం, ప్రయాణ సమయం సరిగ్గా లెక్కేసుకునే పద్ధతి

"హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలండీ?" అని అడిగి చూడండి. ఒకరు 16 అంటారు, ఒకరు 20 అంటారు, ఇంకొకరు 22 అంటారు. మొదటిసారి వెళ్తున్న అమ్మకేమో టికెట్ మీద రాత్రి పదికి ఎక్కి పొద్దున్న పదికి దిగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి, పన్నెండు గంటలే గదా, ఒక నిద్ర తీస్తే అయిపోతుంది అనుకుంటుంది.

నలుగురూ నాలుగు వేరు వేరు సంగతులు లెక్కపెడుతున్నారు, గొడవంతా అక్కడే ఉంది. దూరానికి ఒక అంకె చెప్పొచ్చు గానీ సమయానికి ఒక్క అంకె చెప్పలేం. గాలిలో ఉండే సమయం, టికెట్ మీద వేసే సమయం, గడియారం చూపించే తేడా, ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి అవతలి గుమ్మం తొక్కే దాకా పట్టే సమయం, ఈ నాలుగూ వేరు. మీకు కావాల్సింది ఏది అన్నది ముందు తేల్చుకుంటే మిగతాదంతా మామూలు కూడికలు, తీసివేతలే.

కింద చెప్పేదంతా హైదరాబాద్–విశాఖ, హైదరాబాద్–డల్లాస్ అనే రెండు ఉదాహరణలతో చెబుతాను. ఒకటి దగ్గరిది, ఒకటి భూగోళానికి దాదాపు అవతలి వైపుది. ఈ రెండూ లెక్క వేయగలిగితే ఏ రెండు ఊళ్ళకైనా వేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు (ఊరి పేరు ఒక్కటే సరిపోదు)
- ప్రయాణం తేదీ, కనీసం ఏ నెలో అయినా
- మధ్యలో దిగి మారే చోటు ఉంటే దాని పేరు
- రెండు ఊళ్ళ సమయం భారత కాలమానానికి ఎంత ముందు, ఎంత వెనక అన్నది
- కాగితం, పెన్ను. ఫోన్‌లో యాప్‌లున్నా సరే, ఒకసారి చేత్తో రాసుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది

1. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి?

ఇది చాలామంది దాటేసే మెట్టు, ఎక్కువ తప్పులు పుట్టేదీ ఇక్కడే.

హైదరాబాద్ అని కొడితే కొన్ని వెబ్‌సైట్లు పాకిస్తాన్‌లో సింధు ప్రాంతపు హైదరాబాద్‌ని కూడా చూపిస్తాయి. దాని కోడ్ హెచ్‌డీడీ. మన శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. పాత బేగంపేట విమానాశ్రయానికి ఇప్పుడు బీపీఎం అనే వేరే కోడ్ ఉంది, అక్కడ మామూలు ప్రయాణికుల విమానాలు 2008లోనే ఆగిపోయాయి.

డల్లాస్ ఇంకా తిరకాసు. అంతర్జాతీయ విమానాలు దిగే పెద్ద విమానాశ్రయం డల్లాస్–ఫోర్ట్ వర్త్, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. డీఏఎల్ అని కోడ్ కనిపించిందంటే అది ఊళ్ళో ఉన్న లవ్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం. అమెరికా లోపల ఇంకో టికెట్ విడిగా కొనుక్కునేటప్పుడు డల్లాసే కదా అని దీన్ని కొనేసి, తర్వాత ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి సామానుతో ట్యాక్సీలో పరుగెత్తినవాళ్ళున్నారు. న్యూయార్క్‌కి కూడా ఇంతే, జేఎఫ్‌కే వేరు, లాగార్డియా వేరు, నది అవతల న్యూజెర్సీలో ఉన్న నెవార్క్ వేరు.

మన ఊళ్ళ కోడ్‌లు: విశాఖ వీటీజడ్, విజయవాడ వీజీఏ, తిరుపతి టీఐఆర్, రాజమండ్రి ఆర్‌జేఏ. విశాఖకి వెళ్ళేవాళ్ళు టికెట్‌లో విమానాశ్రయం పేరు కూడా ఒకసారి చదువుకోండి. పాతది ఊళ్ళోనే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర, భోగాపురం అయితే ఊరికి దాదాపు 45 కిలోమీటర్లు.

2. గాలిలో దూరం కొలవడం

2.1 తేలిక దారి

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం మీద కుడి క్లిక్ చేస్తే (ఫోన్‌లో అయితే వేలితో నొక్కి పట్టుకుంటే) దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. రెండో విమానాశ్రయం మీద ఇంకో చుక్క పెడితే తిన్నని దూరం చూపిస్తుంది. డ్రైవింగ్ దారి చూపించే బటన్ నొక్కకండి, అది రోడ్డు దూరం. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో అయితే రెండు కోడ్‌ల మధ్య ఒక అడ్డగీత పెట్టి కొడితే చాలు, దూరంతో పాటు దారి కూడా గీసి చూపిస్తుంది.

2.2 చేత్తో వేసే దారి (దగ్గరి ఊళ్ళకి)

అక్షాంశం ఒక డిగ్రీ తేడా అంటే 111 కిలోమీటర్లు, ఇది ఎక్కడైనా దాదాపు ఇంతే. రేఖాంశం ఒక డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. మన ప్రాంతంలో, అంటే 17 డిగ్రీల దగ్గర, అది సుమారు 106.

శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. విశాఖ: 17.72 ఉత్తరం, 83.22 తూర్పు.

- అక్షాంశాల తేడా 0.48 × 111 = 53 కి.మీ.
- రేఖాంశాల తేడా 4.79 × 106 = 508 కి.మీ.
- రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 510 కి.మీ.

స్కూల్లో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే. దేశం లోపల ఏ రెండు ఊళ్ళకైనా ఈ లెక్క బాగానే పనికొస్తుంది. అయితే 106 బదులు ఆ రెండు ఊళ్ళ సగటు అక్షాంశానికి తగిన అంకె వేసుకోవాలి, ఢిల్లీ వైపు వెళ్ళేకొద్దీ అది 100 దాకా, ఇంకా కిందకీ దిగుతుంది.

2.3 దూరపు ఊళ్ళకి ఈ లెక్క ఎందుకు పనికిరాదు

ఇదే పద్ధతిలో డల్లాస్‌కి (32.90 ఉత్తరం, 97.04 పడమర) లెక్క వేశారనుకోండి, దాదాపు 17,700 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం సుమారు 14,400. అంటే 3,300 కిలోమీటర్ల తప్పు, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఉన్న దూరం కన్నా ఎక్కువ!

ఎందుకంటే గోడ మీద వేలాడే మ్యాప్‌ బల్లపరుపుగా ఉంటుంది, భూమి గుండ్రంగా ఉంటుంది. ఇంట్లో పిల్లల గ్లోబ్ ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. ఆ దారం అరబ్బు దేశాల మీదుగా వెళ్ళదు, అట్లాంటిక్ మీదుగానూ వెళ్ళదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువానికి ఐదు డిగ్రీల దూరంలోంచి పోయి, అవతల కెనడా మీదుగా కిందకి దిగుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు దారం జారిపోయిందేమో అనుకుని మళ్ళీ పెట్టి చూశాను.

ఈ వంపు దారినే గ్రేట్ సర్కిల్ అంటారు. దూరపు ఊళ్ళకి ఈ దూరమే తీసుకోవాలి, కాబట్టి చేతి లెక్క మానేసి 2.1లో చెప్పిన సైట్లు వాడండి. ఒక చిన్న తనిఖీ: భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యా అతి దగ్గరి దూరం సుమారు 20,000 కిలోమీటర్లు దాటదు. దాటిందంటే ఎక్కడో తప్పు పడింది.

2.4 కిలోమీటరా, మైలా?

అమెరికా సైట్లు మైళ్ళలో చూపిస్తాయి, పైలట్లు నాటికల్ మైళ్ళలో మాట్లాడతారు. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. అరవై నాటికల్ మైళ్ళు కలిస్తే ఇందాక చెప్పిన 111 కిలోమీటర్లే, అక్షాంశం ఒక డిగ్రీ. దుబాయ్–డల్లాస్ 8,000 అని ఎవరైనా చెబితే అది మైళ్ళు. కిలోమీటర్లలో అది 12,900.

3. దూరాన్ని గంటల్లోకి మార్చడం

జెట్ విమానం పైన గంటకి 840 నుంచి 900 కి.మీ. వేగంతో వెళ్తుంది. అలా అని 510ని 870తో భాగిస్తే విశాఖకి 35 నిమిషాలు అని వస్తుంది, టికెట్ మీదేమో గంటా ఇరవై ఉంటుంది. మిగతా 45 నిమిషాలు ఎటు పోయాయి?

టికెట్ మీద వేసేది విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగిన క్షణం దాకా. వాళ్ళ భాషలో బ్లాక్ టైమ్. అందులో రన్‌వే దాకా పాకడం, అక్కడ వరసలో నిలబడడం, పైకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదిగా పోవడం, దిగే చోట ఖాళీ లేకపోతే గాలిలో చక్కర్లు కొట్టడం అన్నీ ఉంటాయి. దీనికి తోడు సమయానికి చేర్చారన్న పేరు కోసం విమాన సంస్థలు కాస్త వెసులుబాటు కలిపే వేస్తాయి. అందుకే ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా ఒక్కోసారి చెప్పిన టైముకే దిగుతుంది.

నేను వాడే లెక్క ఇది:

- 5,000 కి.మీ. లోపు: దూరం ÷ 800, దానికి 40 నిమిషాలు కలపండి
- అంతకు మించితే: దూరం ÷ 850, దానికి 40 నిమిషాలు కలపండి

వేసి చూద్దాం.

- హైదరాబాద్–విశాఖ, 510 కి.మీ.: 38 + 40 = 78 నిమిషాలు
- హైదరాబాద్–ఢిల్లీ, సుమారు 1,265 కి.మీ.: 95 + 40, అంటే రెండుంబావు గంటలు
- హైదరాబాద్–దుబాయ్, సుమారు 2,550 కి.మీ.: 3 గంటల 50 నిమిషాలు
- దుబాయ్–డల్లాస్, సుమారు 12,900 కి.మీ.: 15 గంటల 50 నిమిషాలు

టికెట్లతో పోల్చి చూసుకోండి, పావుగంట అటూ ఇటూగా సరిపోతాయి. సరిపోకపోతే మొదట విమానం రకం చూడండి. చిన్న ఊళ్ళకి వెళ్ళే ఏటీఆర్ విమానాలు (రెక్కల మీద పంకాలు తిరిగేవి) గంటకి 500 కి.మీ. దగ్గరే పోతాయి కాబట్టి వాటికి 800 బదులు 450తో భాగించి, పైన అరగంట కలపండి చాలు.

4. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి

దుబాయ్‌కి వెళ్ళేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. డల్లాస్ నుంచి దుబాయ్ తిరుగు ప్రయాణంలో గంట, గంటన్నర తగ్గుతుంది. దారి అదే, విమానం అదే, మారేది గాలి. చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంటుంది, చలికాలంలో అది మరీ ఉధృతంగా ఉండి గంటకి 200 కి.మీ. దాటిపోతుంది కూడా. దానితో పాటు వెళ్తే తోస్తుంది, ఎదురెళ్తే ఆపుతుంది.

కాబట్టి 3లో వచ్చిన సమయానికి ఈ సవరణ చేసుకోండి:

- పడమరకి వెళ్తుంటే చిన్న ప్రయాణానికి 10–15 నిమిషాలు, పొడవాటిదానికి అరగంట కలపండి
- తూర్పుకి వస్తుంటే చిన్నదానికి 15–20 నిమిషాలు, పొడవాటిదానికి దాదాపు గంట తీసేయండి
- నిలువుగా ఉత్తర దక్షిణాలు అయితే (హైదరాబాద్–ఢిల్లీ లాంటివి) ఏమీ చేయనక్కర్లేదు

ఇంకో సంగతి, ఆకాశంలోనూ రోడ్లు మూసేస్తారు. 2022 నుంచి చాలా పాశ్చాత్య విమాన సంస్థలు రష్యా మీదుగా వెళ్ళలేకపోతున్నాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్ళే విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి ఎలాగూ అరేబియా సముద్రం మీదుగానే పోతారు కాబట్టి మన దక్షిణాది వాళ్ళకి ఆ దెబ్బ తక్కువ తగిలింది.

ఇవన్నీ ఎవరు లెక్కేస్తారు అనుకుంటే ఒక అడ్డదారి ఉంది. ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబర్ కొట్టి గత వారం రోజులు అది నిజంగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది చూడండి. ఏ సూత్రం కన్నా ఇదే నమ్మకం.

5. మధ్యలో దిగి మారే ప్రయాణం

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నాన్‌స్టాప్ లేదు. ఎక్కడో ఒక చోట దిగాలి. డైరెక్ట్ అని రాసి ఉంటే నాన్‌స్టాప్ అనుకోకండి, ఒకే నంబర్‌తో మధ్యలో ఆగి వెళ్ళేదాన్ని కూడా డైరెక్ట్ అనే అంటారు.

ఎక్కడ దిగితే మంచిది? దూరాలు చూడండి.

- తిన్నగా పోగలిగితే: 14,400 కి.మీ.
- దుబాయ్ మీదుగా: 2,550 + 12,900 = 15,450 కి.మీ.
- లండన్ మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.

దుబాయ్ అయినా లండన్ అయినా మొత్తం దూరం ఒకటే! తేడా అల్లా ముక్కలు చేసే తీరులో ఉంది. దుబాయ్ అయితే 4 గంటలు, ఆ తర్వాత ఏకబిగిన 16 గంటలు. లండన్ అయితే దాదాపు పదీ పదీ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నేనైతే పదీ పదీ చూస్తాను, పదహారు గంటలు ఒకే సీట్లో అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే నడుం పట్టేస్తుంది. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నిబంధన మీ పాస్‌పోర్ట్‌కి, మీ దగ్గరున్న వీసాకి ఎలా వర్తిస్తుందో టికెట్ కొనకముందే చూసుకోండి. మరోవైపు, భాష ఇబ్బంది ఉన్న అమ్మానాన్నలకి గల్ఫ్ దారిలో తెలుగువాళ్ళు తోడు దొరకడం తేలిక. ఇది దూరం లెక్కలో కనిపించదు గానీ చాలా ఇళ్ళలో నిర్ణయం జరిగేది దీని మీదే.

మధ్యలో ఆగే సమయం ఎంత ఉండాలి:

- ఒకే టికెట్, ఒకే పీఎన్ఆర్, చకచకా నడవగలిగినవాళ్ళు: కనీసం రెండు గంటలు
- పెద్దవాళ్ళు, వీల్‌చైర్ అడిగినవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు: మూడు నుంచి నాలుగు
- రెండు వేరు వేరు టికెట్లు: ఐదారు గంటలకి తగ్గకండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకి మీతో సంబంధం లేదు, డబ్బు పోయినట్టే
- అమెరికాలో దిగి ఇంకో ఊరికి మారాలంటే: మూడు గంటలు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవుతుంది, మామూలుగా సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి

ఈ చివరిదానికి ఒక మినహాయింపు అబుదాబి. అక్కడ అమెరికా విమానం ఎక్కకముందే అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది. దిగాక ఆ లైన్ ఉండదు కానీ, ఎక్కే చోట దానికి సమయం పెట్టుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్ళకి, దేశంలో మొదట దిగిన చోటే సామాను తీసుకోవాలని సాధారణంగా చెబుతారు, దానికి కూడా మూడు గంటలు ఉంచుకోండి.

6. గడియారం లెక్క (అందరూ తడబడేది ఇక్కడే)

ఒకే ఒక్క నియమం: టికెట్ మీద ఉన్న ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయం. ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. ఒకదాన్నుంచి ఒకటి నేరుగా తీసేయకూడదు. రెండింటినీ మన కాలమానంలోకి మార్చుకుని అప్పుడు తీసేయాలి.

కావాల్సిన తేడాలు:

- దుబాయ్: మనకన్నా గంటన్నర వెనక, ఏడాది పొడవునా
- డల్లాస్: చలికాలంలో 11:30 గంటలు వెనక, ఎండాకాలంలో 10:30

డల్లాస్‌లో గడియారాన్ని మార్చి నెల రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు. మనం జరపం, దుబాయ్ వాళ్ళూ జరపరు. లండన్‌లో జరిపే తేదీలు మళ్ళీ వేరు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఈ రెండు ఊళ్ళ తేదీల మధ్య వచ్చే వారాల్లో ప్రయాణమైతే పాత అలవాటు లెక్క పెట్టుకోకండి.

ఒక ఉదాహరణ కట్టుకుందాం (టైములు నేను వేసుకున్నవి, ఏ సంస్థవీ కాదు). జూన్ నెల, శనివారం.

- హైదరాబాద్‌లో ఎక్కడం: శనివారం రాత్రి 10:00
- 4 గంటలు, మన టైములో ఆదివారం తెల్లవారుజామున 2:00. దుబాయ్‌లో అప్పుడు రాత్రి 12:30
- 2 గంటల 10 నిమిషాల ఆగుడు, దుబాయ్‌లో 2:40కి ఎక్కడం
- 16 గంటల 15 నిమిషాలు, దుబాయ్ టైములో ఆదివారం సాయంత్రం 6:55
- జూన్‌లో డల్లాస్ దుబాయ్‌కన్నా 9 గంటలు వెనక, అంటే ఆదివారం పొద్దున్న 9:55

టికెట్ చూస్తే రాత్రి 10 నుంచి పొద్దున్న 9:55. అమ్మ చెప్పిన పన్నెండు గంటలు ఇదే. ఇప్పుడు 9:55కి పదిన్నర గంటలు కలపండి, మన టైములో ఆదివారం రాత్రి 8:25. శనివారం రాత్రి 10 నుంచి లెక్కేస్తే 22 గంటల 25 నిమిషాలు. ముక్కలు కూడి చూసినా 4 + 2:10 + 16:15 అంతే. ఈ రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి, రాకపోతే ఎక్కడో ఏఎం, పీఎం తిరగబడింది.

తిరుగు ప్రయాణం: డల్లాస్‌లో ఆదివారం మధ్యాహ్నం 12:00కి ఎక్కి, 14:45 గంటలు దుబాయ్‌కి, 3 గంటల ఆగుడు, 3:25 గంటలు హైదరాబాద్‌కి. మొత్తం 21 గంటల 10 నిమిషాలు. దిగేది మన సోమవారం సాయంత్రం 7:40. సెలవు పెట్టేవాళ్ళు ఇది గమనించండి, వెళ్ళేటప్పుడు ఒక రోజు కలిసొచ్చినట్టే అనిపిస్తుంది, వచ్చేటప్పుడు దాన్ని వసూలు చేసుకుంటుంది. టికెట్‌లో దిగే టైము పక్కన చిన్నగా +1 అని ఉంటే మర్నాడు అని, +2 అంటే ఎల్లుండి అని.

మందులు వేసుకునేవాళ్ళకి ఒక మాట. మా అమ్మ పాత చేతి గడియారాన్ని ఇండియా టైములోనే ఉంచి పెట్టుకుంది, బీపీ మాత్రకి అదే లెక్క, దిగాక రెండో రోజు నుంచి అక్కడి టైముకి మారింది. ఇన్సులిన్ లాంటివైతే మీ డాక్టర్‌కి ఈ 22 గంటల పట్టీ చూపించి అడగండి, సొంతంగా మార్చుకోకండి.

7. గుమ్మం నుంచి గుమ్మానికి

ఇక అసలు లెక్క. టికెట్ సమయానికి ఇవి కలపండి:

- ఇంటి నుంచి విమానాశ్రయానికి
- ముందు చేరాల్సిన సమయం: దేశంలో అయితే 2 గంటలు, విదేశాలకి 3
- దిగాక సామాను: అరగంట. అమెరికాలో ఇమిగ్రేషన్‌తో కలిపి గంటన్నర నుంచి రెండు
- అవతలి ఊళ్ళో ఇంటికి

కూకట్‌పల్లి నుంచి విశాఖ ఊళ్ళోకి: 1:15 + 2:00 + 1:20 + 0:30 + 0:40 = 5 గంటల 45 నిమిషాలు. వందే భారత్‌లో సికింద్రాబాద్ నుంచి విశాఖ 699 కిలోమీటర్లు, దాదాపు ఎనిమిదిన్నర గంటలు, ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఇంటికి కలిపితే పది. విమానం నాలుగు గంటలు మిగులుస్తుంది, టికెట్ ధర చూసుకుని నిర్ణయించుకోవచ్చు.

అదే విజయవాడకైతే? గాలిలో దూరం 263 కి.మీ. మాత్రమే, విమానం గంట. కానీ 1:15 + 2:00 + 1:00 + 0:25 + గన్నవరం నుంచి ఊళ్ళోకి 0:45 కలిపితే ఐదున్నర గంటలు. కారులో 275 కిలోమీటర్లు, ఐదు గంటలు, మధ్యలో సూర్యాపేట దగ్గర టీ కూడా. హైదరాబాద్‌లో ఇంకో విమానం దిగి అటే వెళ్ళేవాళ్ళకి తప్ప ఈ విమానం వల్ల లాభం నాకు కనిపించదు.

డల్లాస్ ఉదాహరణకి: 1:15 + 3:00 + 22:25 + 2:00 + 0:45, మొత్తం 29 గంటల 25 నిమిషాలు. విజయవాడ నుంచి కారులో వచ్చి ఎక్కేవాళ్ళకి ఇంకో నాలుగైదు గంటలు. అబ్బాయి అక్కడ సెలవు పెట్టి ఎదురుచూసేది కూడా 9:55కి కాదు, పన్నెండు ప్రాంతంలో బయటికొస్తారు అనుకుని రమ్మనండి.

8. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

అర్ధరాత్రి తేదీ. మా బాబాయికి 15వ తేదీ 2:10 ఏఎం విమానం. ఇంటిల్లిపాదీ 15 రాత్రి భోంచేసి, దండం పెట్టుకుని, రెండు కార్లలో బయల్దేరి విమానాశ్రయానికి చేరాం. విమానం ఆ తెల్లవారుజామునే వెళ్ళిపోయింది! కొత్త టికెట్‌కి ఎంతయిందో బాబాయి ఇప్పటికీ పిన్నికి చెప్పలేదు. మన గల్ఫ్, యూరప్ విమానాల్లో అర్ధరాత్రి దాటాక బయల్దేరేవి చాలానే ఉంటాయి, కాబట్టి టికెట్ మీద పెన్నుతో "14 రాత్రి 9:30కి ఇంట్లో బయల్దేరాలి" అని రాసేయండి.

రోడ్డు దూరంతోనో, రైలు దూరంతోనో విమాన సమయం లెక్కేయడం. విశాఖకి రైలు దూరం 699, గాలి దూరం 510. పెద్ద అంకె తీసుకుంటే పావుగంట ఎక్కువొస్తుంది. మళ్ళీ 2.1కి వెళ్ళండి.

నాన్‌స్టాప్ దూరంతో మారే ప్రయాణం లెక్కేయడం. డల్లాస్‌కి 14,400 ÷ 850 వేసి 17 గంటలు అని చెప్పేవాళ్ళు ఇందుకే చెబుతారు. ముక్క ముక్కకీ విడిగా వేయండి, ఎందుకంటే 40 నిమిషాలు కూడా ప్రతి ముక్కకీ కలపాలి.

ఎక్కే టైముకి గేటు దగ్గరుంటే చాలనుకోవడం. టికెట్ టైము అంటే విమానం కదిలే టైము. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే, గేటు 20–25 నిమిషాల ముందే మూసేస్తారు.

చలికాలం టికెట్‌కి ఎండాకాలం తేడా. గంట తేడా వస్తుంది, అక్కడ ఎదురుచూసేవాళ్ళకి టెన్షన్. డల్లాస్‌కి నవంబర్ నుంచి మార్చి దాకా పదకొండున్నర.

ఒక రోజు టికెట్ చూసి ఏడాదంతా అదే అనుకోవడం. విమాన సంస్థలు మార్చి చివర్లో, అక్టోబర్ చివర్లో టైముపట్టీలు మారుస్తాయి. ఆరు నెలల ముందు కొన్నవాళ్ళు వారం ముందు మళ్ళీ చూసుకోవాలి, మధ్యలో ఆగే సమయం రెండు గంటల నుంచి గంటకి కుంచించుకుపోయి ఉండొచ్చు కూడా. అలా జరిగితే సంస్థకి ఫోన్ చేసి మార్చమనండి, వాళ్ళు మార్చిన టైము కాబట్టి చాలాసార్లు అదనపు డబ్బు లేకుండానే మారుస్తారు.

9. కాగితం మీద రాసుకుని బీరువాకి అంటించే పట్టీ

- [ ] రెండు విమానాశ్రయాల కోడ్‌లు సరిచూశాను
- [ ] ప్రతి ముక్కకీ గాలి దూరం కిలోమీటర్లలో రాశాను
- [ ] ప్రతి ముక్కకీ గంటలు వేసి టికెట్‌తో పోల్చాను
- [ ] మధ్యలో ఆగే సమయం సరిపోతుంది, అంతా ఒకే పీఎన్ఆర్
- [ ] ఎక్కే, దిగే టైములు మన కాలమానంలోకి మార్చి రాశాను
- [ ] రెండు దారుల్లో లెక్కేస్తే మొత్తం ఒకటే వచ్చింది
- [ ] ఇంట్లో బయల్దేరే తేదీ, వారం, టైము పెద్ద అక్షరాల్లో రాశాను (అర్ధరాత్రి దాటితే ముందు రోజు)
- [ ] అవతల తీసుకెళ్ళేవాళ్ళకి వాళ్ళ ఊరి టైములో చెప్పాను
- [ ] మాత్రల టైములు డాక్టర్‌ని అడిగి రాశాను
- [ ] వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి టికెట్ మళ్ళీ చూస్తాను